గేర్‌బాక్సులో తప్పు ఆయిల్ పోస్తే నష్టం ఎవరు భరించాలి?

ప్రశ్న: మాది సీవీటీ గేర్‌బాక్సు కారు. కొని ఐదేళ్లు కావస్తోంది, వారంటీని పొడిగించుకున్నాం. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఖర్చు ఎక్కువని ఈసారి ఇంటికి దగ్గర్లోని వర్క్‌షాపులో గేర్‌బాక్సు ఆయిల్ మార్పించాను. బిల్లులో ‘ఏటీఎఫ్ – 4 లీటర్లు’ అని మాత్రమే రాశారు. నెల తిరక్కుండానే ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి ముందుకు కదలడం లేదు. గేర్‌బాక్సు మొత్తం మార్చాలని, బయట పని చేయించారు కాబట్టి వారంటీ చెల్లదని కంపెనీవాళ్లు అంటున్నారు. వర్క్‌షాపు యజమానిని అడిగితే ‘ఆటోమేటిక్ బండికి ఆటోమేటిక్ ఆయిలే పోశాం, మీ బండే పాతదైంది’ అంటున్నారు. నేనేం చేయాలి సార్?

జవాబు: మీరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీ కేసులో బలమూ ఉంది. ఆ బలం వర్క్‌షాపు యజమాని అన్న మాటలోనే ఉంది. ఆటోమేటిక్‌కి ఆటోమేటిక్ ఆయిల్ పోశామన్నది ఆయన తన తప్పును తానే ఒప్పుకోవడం. ఎందుకో అర్థం కావాలంటే చట్టం కన్నా ముందు గేర్‌బాక్సు సంగతి కాస్త తెలియాలి.

మనం ‘ఆటోమేటిక్’ అని ఒకే పేరుతో పిలిచే బండ్లలో కనీసం నాలుగు రకాల గేర్‌బాక్సులున్నాయి. మొదటిది టార్క్ కన్వర్టర్ ఉన్న పాత తరహా ఆటోమేటిక్. అందులో క్లచ్ ప్లేట్లు కుదుపు లేకుండా, సాఫీగా పట్టుకోవాలి. ఏటీఎఫ్‌ను (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) దీనికోసమే తయారు చేశారు. అందులోనూ డెక్స్‌రాన్, మెర్కాన్, టయోటా డబ్ల్యూఎస్, హోండా డీడబ్ల్యూ-1 అంటూ వేర్వేరు ప్రమాణాలున్నాయి. రెండోది మీ బండిలో ఉన్న సీవీటీ. ఇందులో పళ్లచక్రాలు మార్చుకునే గేర్లు ఉండవు. రెండు పుల్లీల మధ్య ఒక ఉక్కు బెల్టు తిరుగుతుంది. ఉక్కు మీద ఉక్కు జారకుండా పట్టు నిలవాలి, అదే సమయంలో అరుగుదలా ఉండకూడదు. ఈ రెండు పనులూ ఒకేసారి చేసేలా సీవీటీ ఫ్లూయిడ్‌ను ప్రత్యేకంగా తయారు చేస్తారు. నిస్సాన్ ఎన్‌ఎస్-3, హోండా హెచ్‌సీఎఫ్-2 అలాంటివే. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారుతుంది, పుల్లీ ముఖం మీద గీతలు పడతాయి, రాలిన లోహపు పొడి వాల్వ్ బాడీలోకి వెళ్తుంది. పుల్లీ గీసుకుపోయాక సరైన ఆయిల్ పోసినా అది మళ్లీ నునుపెక్కదు. ఇంజిన్ అరుస్తున్నా బండి కదలడం లేదని మీరు రాసిన లక్షణం బెల్టు జారడానికి సరిగ్గా సరిపోతుంది.

మూడోది ఏఎంటీ. 2014లో మారుతి సెలెరియోతో మన దేశపు కార్లలోకి వచ్చింది. క్లచ్ పెడల్ ఉండదు కాబట్టి అందరూ ఆటోమేటిక్ అంటారు గానీ లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. దానికి మాన్యువల్ గేర్ ఆయిలే పోయాలి. క్లచ్‌నీ గేర్‌నీ కదిలించే హైడ్రాలిక్ యూనిట్ ఉన్న మోడళ్లలో ఆ యూనిట్‌కు విడిగా మరో ఆయిల్ ఉంటుంది. నాలుగోది డీసీటీ, అంటే రెండు క్లచ్‌లది. ఆ క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండే రకానికి ఒక ఆయిల్, పొడిగా ఉండే రకానికి వేరే ఆయిల్.

మాన్యువల్ బండి ఉన్నవాళ్లు మాకీ గొడవ లేదనుకోవద్దు. గేర్ ఆయిల్ రకాల్లో జీఎల్-4 కన్నా జీఎల్-5 అంకె పెద్దది కాబట్టి అది ఇంకా మంచిదని పోసే మెకానిక్‌లున్నారు. జీఎల్-5 ముఖ్యంగా వెనక యాక్సిల్ డిఫరెన్షియల్ లాంటి చోట్ల పడే భారానికి ఉద్దేశించింది. అందులో ఎక్కువ మోతాదులో ఉండే గంధకం, భాస్వరం రసాయనాలు కొన్ని గేర్‌బాక్సుల్లోని ఇత్తడి సింక్రోనైజర్ రింగులను తినేస్తాయి. ఆపైన గేరు పడటం కష్టమవుతుంది. అంచేత కంపెనీ జీఎల్-4 అంటే జీఎల్-4 పోయాలి. రంగు చూసి పోల్చడం కూడా కుదరదు. ఏటీఎఫ్‌కు ఎరుపు రంగు కలుపుతారంతే, దాని గుణానికీ ఆ రంగుకూ సంబంధం లేదు.

కారు కంపెనీ ఇచ్చే ఓనర్స్ మాన్యువల్‌లో ఏ ఆయిల్ పోయాలో పేరుతో సహా ఉంటుంది. డబ్బు తీసుకుని ఈ పని చేసే వర్క్‌షాపు అది చూసుకోవాలి. చూడకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) ప్రకారం సేవాలోపం. వినియోగదారుడికి తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడమూ అదే సెక్షన్ కిందికి వస్తుంది. ‘కంపెనీ చెప్పిన ఆయిల్ మా దగ్గర లేదు, వేరేది పోస్తాం’ అని మీకు ముందే చెప్పి, మీరు సరేనంటే అప్పుడు సంగతి వేరు. చెప్పకుండా పోశారంటే బాధ్యత వాళ్లదే. పైగా భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 151 ప్రకారం, మరమ్మతుకు అప్పగించిన వస్తువును వివేకం గల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలి. మీ బండి విషయంలో ఆ జాగ్రత్త కనిపించడం లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2019 చట్టం కొత్తగా తెచ్చిన ‘ప్రొడక్ట్ లయబిలిటీ’ అధ్యాయంలో మరమ్మతు చేసేవాళ్లను కూడా చేర్చారు. అది చూసి చాలామంది ఫిర్యాదును సెక్షన్ 85 కింద రాస్తారు. ఆ అధ్యాయంలో ‘హాని’ అంటే ఏమిటో సెక్షన్ 2(22) చెబుతుంది. ఆ వస్తువుకే జరిగిన నష్టం అందులోకి రాదు. మీ నష్టం కారుకే జరిగింది కాబట్టి వర్క్‌షాపు మీద సేవాలోపం కిందే అడగండి. గేర్‌బాక్సు హఠాత్తుగా పనిచేయక ప్రమాదం జరిగి ఎవరైనా గాయపడితే అప్పుడు 85 పనికొస్తుంది. ఒకవేళ ఆయిలే నకిలీదని తేలితే లెక్క మారుతుంది. అప్పుడు లోపమున్న వస్తువు ఆయిల్, నష్టపోయింది మీ కారు. తయారీదారు మీదకూ వెళ్లవచ్చు. డ్రమ్ములోంచి లూజుగా పోశారు, తయారీదారు ఎవరో తెలియదంటే సెక్షన్ 86 కింద అమ్మినవాడే జవాబు చెప్పుకోవాలి.

వారంటీ సంగతి నిజాయితీగా చెప్పాలి. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, మరమ్మతు సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారన్నది అందులో ముఖ్యమైన ఆరోపణ. బయట పని చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదని, బయటి పని లోపం వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చని ఆ ఉత్తర్వులో కమిషన్ చెప్పింది. తర్వాత అది అప్పీళ్లకు వెళ్లింది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. అందులోని న్యాయం మాత్రం మీకు ఉపయోగపడుతుంది. రేపు మీ ఏసీ చెడిపోతే గేర్‌బాక్సు ఆయిల్ బయట మార్పించారని కంపెనీ తప్పించుకోవడం సబబు కాదు. గేర్‌బాక్సు విషయంలో మాత్రం తప్పు ఆయిల్ వల్లే పాడైతే కంపెనీ మాటే నెగ్గుతుందని నా అభిప్రాయం. నిరాకరణను, అందుకు కారణాన్ని రాతపూర్వకంగా ఇమ్మనండి. ‘తప్పు ఫ్లూయిడ్ వాడారు’ అని కంపెనీ రాసిస్తే వర్క్‌షాపు మీద మీ కేసుకు అది మంచి సాక్ష్యం. బీమా మీద ఆశ పెట్టుకోవద్దు. మామూలు మోటారు పాలసీలో యాంత్రిక వైఫల్యానికి కవరేజీ ఉండదు.

అసలు కష్టం రుజువు దగ్గరే. సేవాలోపం ఉందని నిరూపించాల్సిన భారం ఫిర్యాదుదారుడిదేనని ఎస్‌జీఎస్ ఇండియా వర్సెస్ డాల్ఫిన్ ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. కాబట్టి ఇకపై బండి నడపకండి. నడిపితే ‘చెడిందని తెలిసీ తిప్పాడు’ అంటారు. గేర్‌బాక్సు విప్పించే ముందు వర్క్‌షాపుకు నోటీసు ఇచ్చి, ఫలానా రోజు ఫలానా చోట విప్పుతున్నాం, వచ్చి చూసుకోండి అని తెలియజేయండి. వాళ్లు రాకపోయినా మీ జాగ్రత్త రికార్డులో ఉంటుంది. ఆ రోజు లోపలున్న ఆయిల్‌ను పొడిగా, శుభ్రంగా ఉన్న సీసాల్లో పట్టి, మూతల మీద తేదీ రాసి, అక్కడున్నవారి సంతకాలతో సీలు వేయండి. ఒకటి కాకుండా రెండు మూడు సీసాలు ఉంచుకోవడం మేలు. పాత విడిభాగాలు ఒక్కటీ పారేయనివ్వద్దు. విప్పిన ఇంజినీరు చేత ఏం కనిపించిందో, ఎందుకు పాడైందో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. పరీక్ష అవసరమైతే సెక్షన్ 38 కింద కమిషన్ శాంపిల్‌ను సీలు వేయించి ల్యాబ్‌కు పంపుతుంది. ల్యాబ్ 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. ఫీజు ముందు మీరే కట్టాలి. మీ చేతిలో ఉన్న బిల్లు కూడా తక్కువదేం కాదు. సీవీటీ బండి నంబరు, దాని కింద ‘ఏటీఎఫ్’ అన్న పేరు, రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. దాన్ని భద్రంగా దాచండి.

వర్క్‌షాపులో ఇంకేమైనా పని చేయించి డబ్బు కట్టలేదని బండిని ఆపేస్తే అరుపులకు దిగొద్దు. చేసిన పనికి కూలి అందేదాకా వస్తువును తన దగ్గర ఉంచుకునే హక్కు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 మరమ్మతుదారుడికి ఇస్తుంది. ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రసీదు మీద రాసి, డబ్బు కట్టి, బండి తెచ్చుకోండి. ఆ డబ్బునూ ఫిర్యాదులో అడగవచ్చు.

ఫిర్యాదు మీరున్న జిల్లాలోనే వేయవచ్చు. వర్క్‌షాపు వేరే జిల్లాలో ఉన్నా వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ఆ వీలు ఇస్తుంది. జిల్లా కమిషన్ పరిధి, ఫీజు రెండూ మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాకుండా మీరు ఆ సేవకు చెల్లించిన మొత్తాన్ని బట్టి ఉంటాయి. అది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. మీ ఆయిల్ బిల్లు కొన్ని వేలే కాబట్టి మీకు ఫీజు ఉండదు. వకీలును పెట్టుకోవాలన్న నిబంధనా లేదు. గేర్‌బాక్సు ఖర్చు, బండి లేని రోజుల్లో ఆటోలకు, క్యాబ్‌లకు పెట్టింది, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు అడగండి. అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ మహా అయితే మరో 15 రోజులు ఇస్తుంది. పరీక్ష అవసరమైన కేసును 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది గానీ ఆచరణలో ఆలస్యం జరుగుతుందని ముందే సిద్ధపడండి. మధ్యవర్తిత్వానికి ఇరుపక్షాలూ ఒప్పుకుంటే త్వరగా ముగుస్తుంది. వర్క్‌షాపు సగం ఖర్చయినా భరిస్తానంటే ఆలోచించండి.

సొంత క్యాబ్ నడుపుకునేవాళ్లు కూడా ఈ దారిలో వెళ్లవచ్చు. వాణిజ్య అవసరానికి కొన్నవాళ్లు వినియోగదారులు కాదన్న నియమం, బతుకుదెరువుకోసం తానే బండి తోలుకునే మనిషికి వర్తించదు.

ఇంకా ఆయిల్ మార్పించని పాఠకులకు ఒక మాట. పాత ఆయిల్ కిందికి దింపకముందే జాబ్ కార్డు మీద గేర్‌బాక్సు రకం, పోయబోయే ఆయిల్ పూర్తి పేరు, ఎన్ని లీటర్లో రాయించండి. సీలున్న డబ్బాలు మీ ముందే తెరిపించండి. డబ్బా మీద తయారీదారు పేరు, నెల-సంవత్సరం, ఎంఆర్‌పీ, బ్యాచ్ నంబరు కనిపించేలా ఫొటో తీసుకోండి. బిల్లు అడిగితే ఇవ్వకపోవడం కూడా 2019 చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే, సెక్షన్ 2(47) చూపించి అడగండి.

మీ విషయానికొస్తే, ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఆయిల్ మార్చిన తేదీ నుంచే లెక్కేసుకోవడం క్షేమం. ఈ వారంలోనే వర్క్‌షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 15 రోజులు గడువివ్వండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. జవాబు రాకపోతే ఆ నోటీసు ప్రతి, పోస్టు రసీదు జతచేసి జిల్లా కమిషన్‌లో నేరుగా గానీ, ఈ-జాగృతి పోర్టల్‌లో గానీ ఫిర్యాదు దాఖలు చేయండి.