బర్త్ సర్టిఫికెట్‌లో మీ పిల్లల పేరు ఉందా?

శిశువు పుడితే 21 రోజుల్లోపు మున్సిపాలిటీకి తెలియజేయాలి. మన ఇళ్లలో బారసాల తరచూ 21వ రోజునో, ఆ తర్వాతో చేస్తాం. అందుకే చాలా సర్టిఫికెట్లలో పేరు గడి ఖాళీగా ఉండిపోతుంది.

నమోదైన 12 నెలల్లోపు పేరును ఉచితంగా చేర్పించవచ్చు. ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు గడువుంది. హైదరాబాద్‌లో మీసేవ కేంద్రంలో దరఖాస్తు చేయండి.

2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు స్కూలు అడ్మిషన్, డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు నమోదుకు పుట్టిన తేదీ రుజువు ఈ సర్టిఫికెటే.

పెద్ద పిల్లలున్నవారు ఇంకొకటి చూసుకోవాలి. పదో తరగతి నామినల్ రోల్స్ స్కూలు రికార్డును బట్టే వెళ్తాయి. మెమోలో అవే అక్షరాలు అచ్చవుతాయి. సర్టిఫికెట్, ఆధార్, స్కూలు రికార్డు మూడూ పక్కపక్కన పెట్టి ఇంటిపేరు, స్పెల్లింగ్, పుట్టిన తేదీ సరిచూడండి. తేడా ఉంటే తొమ్మిదో తరగతిలోపే సరిచేయించండి.