వార్ధక్య జీవశాస్త్రము – నూతన పరిశోధకులకు కావలసిన ఆసరా

పుట్టిన ప్రాణి పెరుగును, పెరిగినది ముదియును. ఇది అందరెరిగిన విషయమే. అయితే దేహము ఏ కారణముచే ముదియునను ప్రశ్నకు ప్రయోగముల ద్వారా సమాధానము వెదకుట ఇటీవలి సంగతి. 1935లో అమెరికాలో మెక్కే, ఆయన సహచరులు పోషకలోపము కలుగకుండ ఎలుకల ఆహారమును తగ్గించి, అవి ఎక్కువ కాలము జీవించుటను చూపిరి. 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ అను వారు మానవ కణములు గాజుపాత్రలో సుమారు 50 మారులు విభజన చెంది ఆగిపోవునని ప్రకటించిరి. 1993లో సింథియా కెన్యన్ బృందము, ఒక్క జన్యువులోని మార్పు వలన ఒక సూక్ష్మమైన నులిపురుగు ఆయుర్దాయము రెండింతలగునని నిరూపించినది.

ఈ శాస్త్రము మనకు దూరమైనది కాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయములో ఆచార్య కల్లూరి సుబ్బారావు, ముదిసిన ఎలుకల మెదడు కణములపై బహుకాలము పరిశోధించిరి. మన కణములలోని డి.ఎన్.ఏ. ప్రతిదినము దెబ్బతినుచుండును, కొన్ని ఎంజైములు దానిని మరమ్మతు చేయుచుండును. నాడీకణములు సాధారణముగ విభజన చెందవు గనుక వాటికి ఈ మరమ్మతే దిక్కు. వయసు మీరిన ఎలుకలలో డి.ఎన్.ఏ. పాలిమరేజ్ బీటా, లైగేజ్ అను ఎంజైములు తగ్గిపోవుననియు, కణసారమునకు వాటిని చేర్చినచో మరమ్మతు శక్తి తిరిగి కలుగుననియు ఆ ప్రయోగశాల తెలిపినది. సిద్దిపేట నుండి బస్సులో రెండు మూడు గంటల దూరమున జరిగిన పని ఇది!

ఇట్టి పనిలో చేరగోరు ఎం.ఎస్సీ. విద్యార్థికి మొదట ఎదురగు చిక్కు డబ్బు కాదు, కాలము. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ రెండేండ్లు, దాని తరువాత సీనియర్ ఫెలోషిప్ మూడేండ్లు, మొత్తము అయిదేండ్లు. ఎలుక వృద్ధురాలగుటకు రమారమి 24 నెలలు పట్టును. మొదట కొన్ని నెలలు పాఠ్యాంశములకు, మరికొన్ని నెలలు జంతు ప్రయోగములకు నైతిక సంఘము అనుమతి పొందుటకు గడచును. అప్పుడు పిల్ల ఎలుకలను తెచ్చి పెంచసాగినచో మూడేండ్లు గడచిన పిమ్మటగాని అసలు ప్రయోగము మొదలు కాదు. నడుమ బోనులలో అంటువ్యాధి ప్రవేశించెనా, అంతయు మొదటికి వచ్చును. పర్యవేక్షకుడు ఎంత మంచివాడైనను ఎలుకకు వయసును ముందుగా తెచ్చి ఇవ్వలేడు గదా!

కావున అన్నింటికంటె ముందు కావలసినది ముదిసిన జంతువుల ఉమ్మడి నిల్వ. అమెరికాలో 1974లో స్థాపింపబడిన జాతీయ వార్ధక్య సంస్థ వృద్ధ ఎలుకలను ప్రత్యేకముగ పెంచి పరిశోధకులకు సమకూర్చుచున్నది. మన జాతీయ పోషకాహార సంస్థ, 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చినది, దశాబ్దముల పాటు దేశములోని ప్రయోగశాలలకు ఎలుకలను అందించినది. అంతటి అనుభవమున్న చోట వృద్ధ జంతువుల నిల్వ కూడ ఏర్పడినచో, క్రొత్తగా చేరిన పరిశోధకునికి రెండేండ్లు కలిసివచ్చునని మా అభిప్రాయము.

రెండవ మార్గము అల్పాయుష్కములైన ప్రాణులను ఎన్నుకొనుట. నులిపురుగు రెండు మూడు వారములు, పండ్ల ఈగ రెండు మూడు నెలలు జీవించును. పండ్ల ఈగకు బొంబాయి రవ్వ, బెల్లము, ఈస్టు, అగరు కలిపి ఉడికించిన ఆహారము చాలును. మన డిగ్రీ కళాశాలలలోనే ఈ పని సాధ్యము. ఒకే దినమున పుట్టిన ఈగలను సీసాలలో ఉంచి, రెండు మూడు దినములకొకమారు క్రొత్త ఆహారములోనికి మార్చుచు, చచ్చిన వాటిని లెక్కించి గ్రాఫు గీసినచో అదియే జీవిత వక్రరేఖ. పండుగ సెలవులలో సీసాలు మార్చు వారెవరన్నదే కష్టము. దీనిని ముందే వంతులు వేసికొని నిశ్చయింపవలెను.

ఇక భృతి సంగతి. 2023 జనవరి నుండి జూనియర్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, సీనియర్ 42,000. మొత్తము చాలనిది కాదు. కాని చాల చోట్ల అది నెలల తరబడి ఆలస్యముగ చేతికందుచున్నది. ఇంటికి డబ్బు పంపవలసిన బిడ్డ ఎంతకాలము అప్పుతో నెట్టుకురాగలదు? మైనారిటీ విద్యార్థులకై 2009లో ఆరంభమైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేయుచున్నట్లు 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. ఇతర పథకములున్నవను సమాధానము వినవచ్చినది. అయితే ఆ పథకములకు పోటీ పడుటకు ముందే మన పిల్లలు వెనుదిరుగుచున్నారు. డాక్టరేటు ముగిసిన వారికి హైదరాబాదు కేంద్రముగా 2008 నుండి పనిచేయుచున్న ఇండియా అలయన్స్ ఫెలోషిప్పులు కలవు. వాటిని గూర్చి తెలిసినవారు మన ఊళ్ళలో అరుదు.

భాష మరియొక అడ్డంకి. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో విజ్ఞానశాస్త్రములను బోధింపగలిగినది. అనువాద విభాగము వేలాది పారిభాషిక పదములను సమకూర్చినది. 1968లో తెలుగు అకాడమి అదే కృషిని తెలుగులో చేపట్టినది. అయినను నేటి పరిశోధన వ్యాసములన్నియు ఆంగ్లములోనే ఉన్నవి. ఉర్దూ, తెలుగు మాధ్యమముల నుండి వచ్చిన విద్యార్థికి తెలివి తక్కువ కాదు, అలవాటు తక్కువ. వారమున కొక వ్యాసమును ఉపాధ్యాయునితో కూర్చుండి చదివిన ఒక్క సంవత్సరములో ఈ భయము తీరును.

ప్రయోగశాలలో గాక పల్లెలలోను ఈ శాస్త్రము నడచుచున్నది. హైదరాబాదు పరిసరములలోని 29 గ్రామములలో, 1987-90 నడుమ జరిగిన పోషకాహార అధ్యయనములో పుట్టిన పిల్లలను పోషకాహార సంస్థ తదితరులు పెద్దవారైన పిదప కూడ పరీక్షించుచు వచ్చిరి. తెలుగువారు అధికముగ ఉన్న కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకాలో, బెంగుళూరు మెదడు పరిశోధన కేంద్రము 45 ఏండ్లు దాటిన గ్రామీణులను సంవత్సరముల తరబడి పరిశీలించుచున్నది. వృద్ధుని చెంత కూర్చుండి ఆయన మాటలోనే జ్ఞాపకశక్తి పరీక్ష నిర్వహించుటకు తెలుగు, ఉర్దూ రెండును వచ్చిన పరిశోధకులు కావలెను. అట్టివారు మన తరగతులలో ఇప్పుడే ఉన్నారు. మూడు విజ్ఞాన అకాడమీలు కలసి ఇచ్చు వేసవి పరిశోధన ఫెలోషిప్పునకు దరఖాస్తులు ప్రతి సంవత్సరము చలికాలములోనే పంపవలసియుండును గనుక, ఆసక్తి కలవారు దసరా సెలవులు కాగానే తమ అధ్యాపకుని కలిసికొనవలయును.