చెప్పిన తేదీ దాటితే...



ఇల్లు కొనేటప్పుడు అడ్వాన్సు ఇచ్చే రోజున మనం ఎంతో జాగ్రత్తగా ఉంటాం. పెద్దలను పిలుస్తాం, కాగితం చదివించుకుంటాం, సాక్షుల చేత సంతకాలు పెట్టిస్తాం. తీరా రిజిస్ట్రేషన్ తేదీ దాటిపోతే మాత్రం ఏం చేయాలో తోచక ఊరకుంటాం. ఈ వారం ఆ ఊరకుండడం గురించే ఆలోచిద్దాం.

కొన్నేళ్ల క్రితం మా విచారణకు చెందిన దంపతులు నా దగ్గరికి వచ్చారు. "ఫాదర్‌గారూ, మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ అన్నారు. ఐదో నెల నడుస్తోంది. గట్టిగా అడిగితే నొచ్చుకుంటారేమో" అన్నారు. అమ్మే ఆయన నాకూ తెలిసిన మనిషే. "మంచివాడే, కాస్త ఓపిక పట్టండి" అన్నాను. నా మాట విని రెండేళ్లు ఓపిక పట్టారు. ఈలోగా ధర పెరిగింది, ఆయన మనసు మారింది. అడ్వాన్సు తిరిగి వచ్చింది గాని, వారు కూడబెట్టిన డబ్బుకు ఆ వీధిలో మరో ఇల్లు దొరకలేదు. నా సలహా తప్పు. ఓపిక సుగుణమే, కాని మౌనం ఓపిక కాదు.

ముందుగా ఒక భేదం గ్రహించాలి. అగ్రిమెంటు ఇల్లు కాదు, ఇల్లు ఇస్తానన్న వాగ్దానం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం అమ్మకపు ఒప్పందం దానంతట అది ఆస్తిలో హక్కు కల్పించదు. ఆ వాగ్దానాన్ని కోర్టు ద్వారా నెరవేర్పించుకోవచ్చు గాని, అందుకు గడువుంది. ఒప్పందంలో తేదీ ఉంటే ఆ తేదీ నుండి, లేకుంటే అమ్మేవారు నిరాకరించారని తెలిసిన నాటి నుండి 3 సంవత్సరాలు.

మూడేళ్లున్నాయి కదా అని నిశ్చింతగా ఉండరాదు. మదురైలో ఒక ఇంటికి 1978లో ఒప్పందం జరిగింది. గడువు 6 నెలలు. కొనేవారు రెండేళ్లకు పైగా ఊరకుండి ఆ తర్వాత కోర్టుకెక్కారు. మూడేళ్లు నిండకముందే వెళ్లినా, 1997లో సుప్రీంకోర్టు ఆ ఇల్లు ఇప్పించడానికి ఒప్పుకోలేదు. పట్టణాల్లో ధరలు పెరుగుతుండగా కొనేవారు అంతకాలం మౌనంగా ఉండడాన్ని తప్పుపట్టింది.

మరి ఏం చేయాలి?

మొదట కారణం అడగండి. బ్యాంకు అప్పు తీరలేదా? లింకు దస్తావేజు దొరకలేదా? వారసుల సంతకాలు రావాలా? క్రైస్తవ కుటుంబంలో తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే, 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, మిగతాది కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా చెందుతుంది. కాబట్టి అత్తవారింట ఉన్న ఆడబిడ్డ సంతకం కోసం ఆగడం మోసం కాదు, న్యాయం. కారణమే చెప్పకుండా తేదీలు జరుపుతుంటే మాత్రం జాగ్రత్తపడాలి.

రెండవది, కొత్త తేదీని నోటిమాటగా ఒప్పుకోకండి. కాగితం మీద రాసి ఇరువురూ సంతకాలు చేయండి. అంతవరకు ముట్టిన సొమ్మెంతో అందులో చూపించండి.

మూడవది, "అర్జెంటుగా మరికొంత ఇవ్వండి" అంటే చేతికి ఇవ్వకండి. ఇవ్వక తప్పకపోతే చెక్కు రూపంలో ఇచ్చి రసీదు తీసుకోండి.

నాలుగవది, మిగతా డబ్బు సిద్ధంగా ఉంచి, ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి. కొనడానికి తాను సిద్ధంగా ఉన్నానని రుజువు చేసుకోవలసింది కొనేవారే. మీ బ్యాంకు లోనే ఆలస్యమైతే ఆ మాట కూడా దాచకండి. అవతలివారికీ మీ డబ్బుతో అవసరం ఉంటుంది.

ఐదవది, రిజిస్ట్రేషన్‌కు ముందు ఇ.సి. మళ్లీ తీయించండి. ఆలస్యమైన నెలల్లో ఆ ఇల్లు మరొకరికి తాకట్టు పడి ఉండవచ్చు. దస్తావేజు చేతికి వచ్చేదాకా అద్దె ఇల్లు ఖాళీ చేయకండి.

ఇవన్నీ చేసినా జవాబు రాకపోతే, వకీలు ద్వారా నోటీసు పంపండి. అది పగ కాదు. ఇచ్చిన మాటను గుర్తుచేయడమే.

ఈ రాత్రి మీ పెట్టె తెరిచి అగ్రిమెంటు తీయండి. అందులో ఉన్న తేదీ చూడండి. అది దాటిపోయి ఉంటే, రేపే వెళ్లి మర్యాదగా అడగండి.