కాపలా దిగిన కుక్క: అనుభవ పాఠాలు

ముక్త్యాలలో మాది మిరప, పత్తి వేసే ఇల్లు. కల్లంలో కాయలు ఆరబోసిన రోజుల్లో రాత్రి కాపలాకు మనిషితో పాటు కుక్క కూడా ఉండాల్సిందే. అందుకే నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో కుక్క లేని కాలం లేదు. అన్నింటిలోకీ ఎక్కువ కాలం బతికింది జాకీ. నాటుకుక్క, ఎర్రటి ఒళ్లు, ఒక చెవి ఎప్పుడూ వాలి ఉండేది. కుక్కపిల్లను ఎలా పెంచాలో చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. ముసలి కుక్క గుణం మారింది, ఏం చెయ్యమంటారని అడిగితే మాత్రం ‘దానికి పిచ్చెక్కింది, వదిలించుకోండి’ అనే మాటే ఎక్కువగా వినపడుతుంది. ఆ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

1. గుణం మారితే ముందు ఒళ్లు చూడండి.

ఏళ్ల తరబడి పిల్లలతో ఆడిన కుక్క ఒకరోజు మూతి దగ్గరికి చెయ్యి వెళ్లగానే గుర్రుమంటే అది పొగరు కాదు. జాకీ మా మనవరాలి మీద అలాగే గుర్రుమంది. పశువుల డాక్టరు నోరు తెరిచి చూస్తే దవడ పన్ను కుళ్లి ఉంది. పన్ను తీశాక మళ్లీ ఆ పిల్ల ఒళ్లో తల పెట్టి పడుకుంది. తుంటి నొప్పి ఉన్న కుక్క నడుము నిమరనివ్వదు, మెట్టు ఎక్కమంటే మొరాయిస్తుంది. చెవిలో చీము ఉంటే తల తాకనివ్వదు. గోమార్లు పట్టిన కుక్క వాటి వల్ల జ్వరం వచ్చి తిండి మానేసి మూల చేరుతుంది. నీళ్లు ఎక్కువగా తాగుతూ రాత్రి ఇంట్లోనే మూత్రం పోస్తుంటే మూత్రపిండాలో, చక్కెరో చూపించాలి. దాన్ని కొట్టి నేర్పేదేమీ లేదు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. వయసులో ఎలా ఉండేదో తెలిసినవాళ్లకే మార్పు తెలుస్తుంది. కొల్లేటి చుట్టుపక్కల జోనంగి కుక్కలుంటాయి. మామూలుగానే అవి నేలలో గుంత తవ్వుకుని పడుకుంటాయి, మొరగడం తక్కువ, రాగం తీసినట్టు కూస్తాయి. జోనంగి ముసలితనంలో గుంత తవ్వితే వింత లేదు. ఏనాడూ తవ్వని కుక్క తవ్వడం మొదలుపెడితే మాత్రం ఎందుకో కనుక్కోవాలి.

2. ముసలితనానికీ రేబిస్‌కీ తేడా తెలుసుకోండి.

ఇది అన్నింటికన్నా ముఖ్యం. తేడా తెలియక పల్లెల్లో ముసలి కుక్కల్ని కర్రలతో కొట్టి చంపుతున్నారు. ముసలితనపు మార్పు నెలల మీద మెల్లగా వస్తుంది. రేబిస్ రోజుల్లో ముదురుతుంది. చొంగ కారుతుంది, మింగుడు పడదు, అరుపు మారుతుంది, కాళ్లు పడిపోతాయి. లక్షణాలు కనిపించాక సాధారణంగా పది రోజుల్లోపే కుక్క చనిపోతుంది. హఠాత్తుగా మారిన కుక్కను ముట్టుకోకుండా విడిగా ఉంచి డాక్టరుకు కబురు చెయ్యాలి. కరిచినా, గీరినా ఆ చోటును సబ్బుతో, పారే నీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. పసుపు, సున్నం పెట్టి కూర్చోకూడదు.

ఏటా టీకా వేయించి ఆ చీటీ దాచుకున్న ఇంటికి సగం భయం ఉండదు. 1885 జులై 6న పాస్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించాడు. ఆ గుర్తుగానే ఏటా జులై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తున్నారు. కుక్క ముసలిదైంది, ఇంకా టీకా ఎందుకు అనకండి.

3. చెవిటి కుక్క ఉన్న వాకిట్లో ట్రాక్టరు వెనక్కి తీసేముందు దిగి చూడండి.

ఎండపూట ముసలి కుక్క పడుకునేది టైరు నీడలోనే. వయసులో ఉన్నప్పుడు ఇంజను చప్పుడుకే లేచిపోయేది, ఇప్పుడు వినపడదు. పత్తి తోలే రోజుల్లో, మిరపకాయల టిక్కీలు ఎక్కించే రోజుల్లో ఈ ప్రమాదం ఎక్కువ. మా ఇంట్లో బండి తాళం చేతిలోకి తీసుకున్న ప్రతివాడూ ముందు కిందకి వంగి చూడాలని నియమం పెట్టాను.

పిలిస్తే రాని కుక్కను మొండిదని తిట్టకండి. పడుకున్నదాన్ని మీద చెయ్యి వేసి లేపకండి, ఉలిక్కిపడి కరుస్తుంది. కాస్త దూరం నుంచి నేలను పాదంతో తట్టండి, ఆ అదురు దానికి తెలుస్తుంది. తర్వాత ఎదురుగా వెళ్లి చెయ్యి వాసన చూడనివ్వండి. పిల్లలకు మొదట నేర్పాల్సింది ఇదే. కళ్లలో కనిపించే నీలపు మసకంతా శుక్లం కాదు. వయసుతో వచ్చే మసకలో కుక్కకు చూపు చాలావరకు ఉంటుంది. తెల్లగా కమ్మితే చూపించండి.

4. రాత్రి తిరిగే కుక్కను గొలుసుతో కట్టెయ్యకండి.

జాకీ చివరి ఏళ్లలో పగలంతా నిద్రపోయి అర్ధరాత్రి లేచి తిరిగేది. తలుపు తెరుచుకునే వైపు కాక బందుల వైపు నిలబడి ఎదురుచూసేది. మూలలో దూరి వెనక్కి రావడం తెలియక ఏడ్చేది. ఇది మెదడుకు వచ్చే జబ్బు. మనుషుల్లో అల్జీమర్స్ అంటారే, అందులో మెదడులో పేరుకునే మాంసకృత్తే ఈ కుక్కల మెదడులోనూ పేరుకుంటుంది. అమెరికాలో 2001లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్ల వాటిలో 68 శాతానికి ఇలాంటి లక్షణం ఒక్కటైనా ఉంది. కాబట్టి మీ కుక్క ఒక్కదానికే వచ్చిన శాపం అనుకోవద్దు. దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. సెలెజిలిన్ అనే మందు కొన్నింటికి కొంత పనిచేస్తుంది, అదీ డాక్టరు రాస్తేనే.

మందు కన్నా మాకు ఎక్కువ అక్కరకొచ్చింది పద్ధతి. గిన్నె ఎప్పుడూ ఒకే చోట, అన్నం ఒకే వేళకు. రాత్రి చిన్న లైటు వెలుగుతూ ఉండాలి. పడుకోబోయే ముందు ఒకసారి బయట తిప్పాలి. సాయంత్రం ముక్తేశ్వరస్వామి గుడి వైపు మెల్లగా నడిపించేవాణ్ణి. ప్రతి గోడనూ ప్రతి స్తంభాన్నీ వాసన చూడనిచ్చేవాణ్ణి. చూపు, వినికిడి తగ్గినా ముక్కు పనిచేస్తుంది. లోకం దానికి అందేది ఆ ముక్కులోంచే. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట్లో కృష్ణమ్మ పొంగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. అప్పుడు మేం ఎగువన చుట్టాల ఇంటికి వెళ్తూ దాని గోనెపట్టాను ఉతక్కుండానే తీసుకెళ్లాం. కొత్త చోట అది ఆ పట్టా మీదే కుదురుగా పడుకుంది.

5. నున్నటి నేల ముసలి కాళ్లకు పడదు.

పాత పెంకుటింట్లో మట్టి అరుగు మీద గోళ్లు పట్టేవి. ఇప్పుడు అందరం టైల్స్ వేయించాం. లేవబోయి జారిపడ్డ కుక్క ఇక లేవడానికే భయపడుతుంది. దాన్ని బద్ధకం అనుకుంటాం. అది నడిచే దారిలో గోనె సంచులు పరిచి, గోళ్లు కత్తిరిస్తే చాలు. మన మెట్ట ప్రాంతపు రోహిణి ఎండలకు తడి సంచి, రెండు చోట్ల నీళ్లు, పొద్దెక్కక ముందే నడక.

6. చప్పుళ్లకు కొత్తగా భయపడుతోందంటే నొప్పి ఉందేమో చూడండి.

జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి క్వారీల్లో పేలుళ్లు మన కుక్కలకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. ముసలితనంలో అదే పేలుడుకు మంచం కింద దూరి వణుకుతుంటే కీళ్లు చూపించండి. ఒళ్లు నొప్పి ఉన్న కుక్క చప్పుడుకు ఉలిక్కిపడి బిగుసుకున్నప్పుడల్లా ఆ నొప్పి పెరుగుతుంది. దాంతో భయమూ పెరుగుతుంది. ఈ సంబంధాన్ని పరిశోధకులు కూడా గమనించారు. దీపావళికి లోపలి గదిలో ఉంచి పక్కన ఒకరు కూర్చోండి.

7. మన బిళ్లలు దానికి వెయ్యకండి.

మోకాళ్ల నొప్పికి మనం మింగే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుళ్లు పుట్టిస్తాయి, మూత్రపిండాలను పాడు చేస్తాయి. రాబందులు చచ్చిపోతున్నాయని 2006లో మన దేశంలో పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని నిషేధించారు కూడా. కుక్కలకు సరిపడే నొప్పి మందులు వేరే ఉన్నాయి. 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. పెద్ద పరీక్షలు కావాలంటే గన్నవరంలో 1998లో పెట్టిన పశువైద్య కళాశాల ఉంది. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర కూడా పెట్టకండి. పళ్లు లేనిదానికి మెత్తటి అన్నంలో ఉడికించిన గుడ్డు మెదిపి పెడితే తింటుంది.

8. హైవే పక్కన వదిలెయ్యకండి.

నందిగామ, చిల్లకల్లు మీదుగా పోయే హైదరాబాదు రోడ్డులో దింపేసి వచ్చేవాళ్లు ఉన్నారు. చూపు లేక, చెవి లేక, ఇల్లు ఏ దిక్కో తెలియక అది ఆ లారీల మధ్య ఒక్క రాత్రి కూడా బతకదు. ఇన్నేళ్లు మన కల్లం కాసిన ప్రాణికి ఈ పని చెయ్యడం అన్యాయం. నేను మొహమాటం లేకుండా చెబుతాను.

9. ఆఖరి నిర్ణయం కోపంలోనో జాలిలోనో ఒక్కరే తీసుకోకండి.

గోడ క్యాలెండరు మీద రోజూ ఒక గుర్తు పెట్టండి. అన్నం తిని, లేచి తిరిగి, మనిషిని చూసి తోక ఆడించిన రోజుకు ఒకటి, ఇవేవీ లేని రోజుకు వేరొకటి. మనసుకు మొన్నటి మంచిరోజే గుర్తుంటుంది కాబట్టి కాగితం అవసరం. ఆ క్యాలెండరు చూపిస్తే ఇంకా మందు వాడవచ్చో, బాధ లేకుండా పోనిచ్చే ఇంజెక్షన్ వేళ అయిందో డాక్టరు చెప్పగలరు. మా ఇంట్లో ఆ మాట మనవరాలి ఎదుటే మాట్లాడుకున్నాం. నొప్పి పుడుతుందా, మేం పక్కన ఉండొచ్చా అని ఆ పిల్ల అడిగింది. ముందు మత్తు ఇస్తాం, నొప్పి తెలియదు, పక్కనే ఉండి తల నిమురుతూ ఉండమని డాక్టరుగారు చెప్పారు.