దేవుడి మీద జోకులేసే మ్యూజికల్‌కి టీనేజ్ పిల్లల్ని పంపొచ్చా?

ఈ వారం వీడియోలో నిందాస్తుతి గురించి మాట్లాడుకున్నాం కదా, అంటే తిడుతున్నట్టు కనిపిస్తూనే దేవుణ్ణి కొలవడం. అది చూసి అమెరికాలో ఉండే ఒక అక్క నన్నొక ప్రశ్న అడిగారు. వాళ్ళబ్బాయికి పదహారేళ్ళు. ఫ్రెండ్స్‌తో కలిసి న్యూయార్క్‌లో 'ది బుక్ ఆఫ్ మోర్మన్' అనే మ్యూజికల్‌కి వెళ్తానంటున్నాడట. "పంపాలా వద్దా? అయినా మన దేవుడి మీద కాదు కదా, పోనీలే అనుకోనా?" అన్నారు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ చివరి మాట. ముందు ఆ నాటకం ఏమిటో చూద్దాం.

అసలు అందులో ఏముంది?

ఇది 2011 మార్చిలో బ్రాడ్‌వేలో మొదలైంది. 'సౌత్ పార్క్' కార్టూన్ తీసిన ట్రే పార్కర్, మాట్ స్టోన్, వాళ్ళతో పాటు రాబర్ట్ లోపెజ్ రాశారు. ఆ ఏడాదే ఉత్తమ మ్యూజికల్‌తో సహా 9 టోనీ అవార్డులు వచ్చాయి. 1830లో జోసెఫ్ స్మిత్ అమెరికాలో స్థాపించిన మోర్మన్ చర్చి మీద తీసిన కామెడీ ఇది. ఇద్దరు కుర్రాళ్ళు మతప్రచారం కోసం ఉగాండా వెళ్తారు. పాటలు చాలా హుషారుగా ఉంటాయి. బూతులు, సెక్స్ జోకులు, దేవుణ్ణి నేరుగా తిట్టే పాట, అన్నీ ఉన్నాయి.

ఇక్కడ మనం పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ ఇద్దరిలో ఒకడు తన మతగ్రంథాన్ని సరిగ్గా చదివి ఉండడు. ఊళ్ళోవాళ్ళు ప్రశ్నలు అడిగేసరికి సినిమా కథలు కలిపి నోటికొచ్చింది చెప్పేస్తాడు. హాల్లో సగం నవ్వులు అక్కడే. ఫ్రెండ్స్, గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. "మీరు వినాయకుడికి ఏనుగు తల ఎందుకు పెట్టారు?" అని క్లాస్‌మేట్ అడిగితే, మనలో ఎంతమంది ఆ కుర్రాడిలా సగం సీరియల్, సగం ఊహ కలిపి చెప్పం?

మన దగ్గర నవ్వు లేదా?

ఉంది, బోలెడంత ఉంది. భద్రాచలం గుడి కోసం ఖర్చుపెట్టిన సర్కారు సొమ్ముకు గోల్కొండ చెరసాలలో పడ్డ రామదాసు, సీతమ్మకూ లక్ష్మణుడికీ చేయించిన నగల లెక్కలు రాముడికే అప్పజెప్పి నిలదీశాడు. కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్రమహావిష్ణువు మీద కాసుల పురుషోత్తమకవి ఏకంగా ఒక శతకమంతా నిందాస్తుతిగానే చెప్పాడు. కూచిపూడి గొల్లకలాపంలో గొల్లభామ బ్రాహ్మణుడితో వాదించి అతని గర్వం దించుతుంది. దాన్ని తరతరాలుగా ఆడింది బ్రాహ్మణ భాగవతుల కుటుంబాలే! ఇక సినిమాలకొస్తే, 1977లో 'యమగోల', 2007లో 'యమదొంగ'. యమధర్మరాజుని ఆటపట్టిస్తుంటే ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వాం. ఎవరి భక్తీ తగ్గలేదు.

కానీ మహాభారతంలో శిశుపాలుడు కూడా కృష్ణుణ్ణి తిట్టాడు కదా. రామదాసు తిట్టుకీ శిశుపాలుడి తిట్టుకీ తేడా ఎక్కడుంది? మాటల ఘాటులో కాదు. రామదాసు తన వాడనుకుని తిట్టాడు, ఆ వెంటనే దెబ్బలకు ఓర్వలేక అన్నానయ్యా అని వేడుకున్నాడు. శిశుపాలుడు నిండు సభలో అవమానించాలనే తిట్టాడు.

నేను అడిగే మూడు ప్రశ్నలు

ఒకటి, నవ్వేవాడికి విషయం తెలుసా? రామాయణం తెలిసినవాడికే రామదాసు కోపం అర్థమవుతుంది. మోర్మన్ల గురించి ఏమీ తెలియకుండా వెళ్ళే పిల్లాడికి ఆ మతం అంటే ఆ జోకే మిగులుతుంది.

రెండు, నవ్వు ఎవరి మీద పడుతోంది? పెత్తనం మీద, డాంబికం మీద పడితే మంచిదే. నిస్సహాయుల మీద పడితే అది ఎగతాళి. ఈ నాటకంలో ఆఫ్రికన్లను చూపించిన తీరు మీద అందులో నటించిన నల్లజాతి కళాకారులే అభ్యంతరం చెప్పారు. 2021లో మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు కొన్ని సన్నివేశాలు మార్చారు కూడా.

మూడు, ఇదే జోకు మన దేవుడి మీద వేస్తే నేను ఇలాగే నవ్వుతానా? అక్క అన్న "మన దేవుడు కాదు కదా" అనే మాటకి జవాబు ఇదే. పక్కింటి వాళ్ళ దేవుడి మీద పగలబడి నవ్వి, మన దేవుడి దగ్గరికొచ్చేసరికి కేసులు పెడతామంటే అది భక్తి అనిపించుకోదు, పక్షపాతం అవుతుంది.

మరి పంపాలా వద్దా?

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పదమూడు, పద్నాలుగేళ్ళ వాళ్ళకి వద్దు. కారణం దేవుడు కాదు, ఆ బూతులూ ఆ సన్నివేశాలూ. పదహారు, పదిహేడేళ్ళ వాళ్ళని పంపొచ్చు, వీలైతే మీరూ వెళ్ళండి. వెళ్ళేముందు మోర్మన్లు ఏం నమ్ముతారో ఓ అరగంట చదివించండి. తిరిగొచ్చాక పై మూడు ప్రశ్నలూ అడగండి. పరీక్ష పెట్టినట్టు కాకుండా, భోజనాల దగ్గర మామూలుగా. "నాకు నచ్చదు, నేను రాను" అని పిల్లాడే అంటే, ఫ్రెండ్స్ ముందు ఆ మాట అనడానికి ధైర్యం కావాలి, దాన్ని మెచ్చుకోండి.

నిషేధిస్తే ఏమవుతుందో మనకి తెలుసు. రాత్రి దుప్పట్లో ఫోన్‌లో క్లిప్పులు చూస్తాడు. అప్పుడు మాట్లాడడానికి పక్కన ఎవరూ ఉండరు.

మోర్మన్ చర్చి చేసిన పని నాకు బాగా నచ్చింది. వాళ్ళు థియేటర్ల మీదికి గొడవకి వెళ్ళలేదు. నాటకం ప్రోగ్రామ్ పుస్తకంలోనే ప్రకటనలు ఇచ్చారు, నాటకం చూశారుగా, ఇక అసలు పుస్తకం కూడా చదవండి అనే ధోరణిలో. తమ గ్రంథం మీద నమ్మకం ఉన్నవాళ్ళు చేసే పని అది. మన దేవుళ్ళ మీద ఎవరైనా జోకేసినప్పుడు మనమూ అంత నిబ్బరంగా ఉండగలమా? ఉండాలంటే ముందు మన కథ మనకి తెలిసుండాలి.

ఈ వారం సాధన: మీ ఇష్టదైవం గురించి బయటివాళ్ళు ఎక్కువగా వేసే ప్రశ్న ఒకటి రాసుకోండి. దానికి జవాబు పురాణంలో వెతికి చదవండి. అమ్మమ్మనో తాతయ్యనో అడిగినా సరే. తర్వాత ఐదు వాక్యాల్లో మీ ఫ్రెండ్‌కి చెప్పి చూడండి. తడబడకుండా చెప్పగలిగితే, రేపు ఎవరు జోకేసినా మీరు హాయిగా నవ్వగలరు, నవ్వాక జవాబూ చెప్పగలరు.

వచ్చే వీడియోలో శిశుపాలుడి కథ పూర్తిగా చెప్పుకుందాం. శుభం.