ఆట మానకుండానే డాక్టరు

బుచ్చయ్యపేటలోనే కాదు, ఏ ఊళ్లోనైనా పిల్లాడు ఇంటర్ బైపీసీలో చేరాడంటే ముందు అటకెక్కేది బంతే. "సీటొచ్చాక ఆడుకుందువుగానిలే" అంటారు ఇంట్లో. సగం నిజమే, మిగతా సగం భయం.

ఫుట్‌బాల్ ఆటగాడు తాలిమెరెన్ ఆవ్ సంగతి చూడండి. 1918లో నాగా కొండల్లోని చాంగ్‌కీలో పుట్టారు. కొడుకు డాక్టరు కావాలన్నది తండ్రి కోరిక. ఆ తండ్రి 1935లో టైఫాయిడ్‌తో పోయారు. గౌహతి కాటన్ కాలేజీలో చదివి, 1942లో కలకత్తా కార్మైకేల్ మెడికల్ కాలేజీలో సీటు తెచ్చుకున్నారు ఆవ్. నేటి ఆర్.జి.కర్ అదే. మరుసటేడే మోహన్ బగాన్ ఫుట్‌బాల్ క్లబ్బులో చేరి, తర్వాత కెప్టెన్ కూడా అయ్యారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత తొలి ఫుట్‌బాల్ జట్టును నడిపించిందీ ఆయనే. మనవాళ్లు చాలామంది ఉత్తకాళ్లతో ఆడారు. రెండు పెనాల్టీలు పోగొట్టుకుని ఫ్రాన్స్ చేతిలో 2-1 తేడాతో ఓడారు. తర్వాత ఆయన మళ్లీ పుస్తకాల ముందు కూర్చుని 1950లో ఎంబీబీఎస్ ముగించారు. పెద్ద క్లబ్బులున్న కలకత్తాను వదిలి, చివరికి కోహిమా ఆసుపత్రికి చేరారు. నాగాలాండ్ రాష్ట్రం వచ్చాక హెల్త్ సర్వీసెస్ డైరెక్టరై 1978లో రిటైరయ్యారు.

సీటుకీ డిగ్రీకీ మధ్య ఎనిమిదేళ్లు! ఇవాళ అంత తీరిక కష్టం. ఎంబీబీఎస్ కోర్సు నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది. జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) నిబంధనల ప్రకారం చేరిన 9 ఏళ్లలోపు కోర్సు పూర్తవ్వాలి, ఫస్టియర్ గట్టెక్కడానికి 4 అవకాశాలే. కాబట్టి టోర్నమెంట్లు తగ్గించుకోవలసింది ఫస్టియర్‌లో. ఇంటర్‌లో సాయంత్రం గంట ఆడితే కొంపేమీ మునగదు, ఆ గంట ఫోనుకు పోకుంటే చాలు.

ఇక ఆ సీటు తెచ్చే నీట్ పరీక్షలో 720 మార్కుల్లో 360 బయాలజీవే. తప్పు రాస్తే ఒక మార్కు కోత. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఫిజిక్స్‌లోనని నా అనుమానం. స్పోర్ట్స్ కోటాను నమ్ముకుని మార్కులు వదులుకోకండి. ఏ ఏటి నిబంధన ఆ ఏటిదే, ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. సీటు రాకపోతే ఫిజియోథెరపీ ఉంది. మోకాలు బెణికినవాడి బాధ ఆటగాడికి వేరే చెప్పాలా? ఎంబీబీఎస్ అయినవాళ్లకు స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఎండీ కూడా ఉంది.

ఇక టోర్నమెంట్ సర్టిఫికెట్లు. గోడకు మేకు కొట్టి వేలాడదీయకండి. టెన్త్ మార్కుల మెమో ఉన్న ఫైల్లోనే పెట్టండి.