పాఠశాలలో తల్లిదండ్రుల హక్కు: అమెరికా నేర్పు పాఠము

బిడ్డకు తొలి గురువు తల్లి అని మన పెద్దలు చెప్పుదురు. అయినను ఆ బిడ్డ బడి గడప దాటిన పిదప తల్లిదండ్రుల స్థానమేమి? పేద పిల్లల చదువునకై ప్రభుత్వము ధనమిచ్చినప్పుడు, అది ఎట్లు ఖర్చగుచున్నదని అడుగు అధికారము వారికి కలదా? ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రములు 1965 నుండి శాసనముల ద్వారా సమాధానము చెప్పుచు, మార్చుచు వచ్చినవి. ఆ చరిత్ర మనకును తెలిసికొనదగినది.

చట్టము పుట్టుక

అమెరికాలో విద్య ప్రధానముగా రాష్ట్రముల, స్థానిక పాఠశాలా మండలుల బాధ్యత. బడుల ఆదాయములో ఎక్కువ భాగము స్థానిక ఆస్తిపన్ను నుండి వచ్చుటచే సంపన్నుల వాడలోని బడికిని పేదల వాడలోని బడికిని గొప్ప అంతరముండెను. దీనిని కొంతవరకైన తగ్గించుటకై అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965 ఏప్రిల్ 11న ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టముపై సంతకము చేసెను. టెక్సాసులో తాను చిన్ననాడు చదివిన బడి ఎదుట ఆ కార్యము జరుగుట విశేషము. యౌవనమున ఆయన పేద మెక్సికన్ కుటుంబముల పిల్లలకు ఉపాధ్యాయుడుగా పనిచేసినవాడు. ఈ చట్టములోని మొదటి భాగమును 'టైటిల్ వన్' అందురు. పేద విద్యార్థులు అధికముగా గల బడులకు అదనపు బోధన కొరకు కేంద్ర ప్రభుత్వము ధనమిచ్చుట దీని సారాంశము.

ధనమును కనిపెట్టువారెవరు?

చట్టము వచ్చిన నాలుగేండ్లకే, అనగా 1969లో, పౌరహక్కుల సంస్థలు ఒక నివేదికను ప్రకటించెను. పేద పిల్లల కొరకు వచ్చిన ధనమును పలు మండలులు తమ సాధారణ ఖర్చులకు వాడుకొనుచున్నవనియు, ఈత కొలనుల వంటి వానికి సైతము మళ్లించినవనియు అది తెలిపెను. బిడ్డ పేర వచ్చిన ధనము బిడ్డకు చేరుచున్నదో లేదో అందరికంటె ముందు గ్రహింపగలవారు తల్లిదండ్రులే కదా! కనుకనే 1974 సవరణలలో ప్రతి మండలియందును, నిధులు పొందు బడులయందును తల్లిదండ్రుల సలహా సంఘములు తప్పనిసరి చేయబడెను. 1978లో ఆ నిబంధనలు మరింత బలపడెను.

అయితే ఈ స్థితి ఎంతో కాలము నిలువలేదు. రీగన్ ప్రభుత్వ కాలమున 1981లో వచ్చిన శాసనము సలహా సంఘముల నిర్బంధమును తొలగించి, తల్లిదండ్రులను 'సంప్రదించిన' చాలుననెను. సంఘమున కూర్చుండి ప్రశ్నించుట వేరు. పిలిచి నాలుగు మాటలు చెప్పి పంపుట వేరు. 1988లో తల్లిదండ్రుల ప్రమేయమునకు చట్టము మరల ప్రాధాన్యమిచ్చెను. 1994లో బడి, తల్లిదండ్రులు, విద్యార్థి ఎవరి బాధ్యత ఏమో తెలుపు లిఖిత ఒడంబడిక ప్రవేశించెను.

నేటి హక్కులు

ప్రస్తుతము అమలులోనున్నది 2015 డిసెంబరులో వచ్చిన 'ప్రతి విద్యార్థి విజయము' చట్టము. టైటిల్ వన్ నిధులు పొందు బడుల విషయమున ఇందలి ముఖ్యాంశములివి:

ఒకటి: బడి ఏటేట తల్లిదండ్రుల సభ జరిపి, పథకమును, వారి హక్కులను వివరింపవలెను.

రెండు: తల్లిదండ్రుల ప్రమేయమును గూర్చిన విధానపత్రమును, పైన చెప్పిన ఒడంబడికను వారితో కలిసి రూపొందింపవలెను.

మూడు: అయిదు లక్షల డాలర్లకు మించి నిధులు పొందు మండలి అందులో కనీసము 1 శాతమును తల్లిదండ్రుల ప్రమేయమునకై కేటాయింపవలెను. ఆ మొత్తములో 90 శాతమునకు తక్కువ కాకుండ బడులకే చేరవలెను. దానిని ఎట్లు వెచ్చింపవలెనో నిర్ణయించుటలో తల్లిదండ్రులకు భాగముండవలెను.

నాలుగు: తమ బిడ్డకు బోధించు ఉపాధ్యాయుని అర్హతలేమని తల్లిదండ్రులు అడుగవచ్చును. తగిన అర్హత లేనివారు నాలుగు వారములు లేక అంతకు మించి బోధించినచో, బడియే ఆ సంగతిని వారికి తెలుపవలెను.

ఇవిగాక, బిడ్డకు సంబంధించిన బడి రికార్డులను చూచు హక్కు 1974 నాటి వేరొక చట్టము వలన సిద్ధించినది.

భాష లేనిదే హక్కు లేదు

పై హక్కులన్నియు కాగితముపై ఉన్నవి. ఆ కాగితము తల్లికి తెలియని భాషలో నున్నచో ఫలమేమి? శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆంగ్లము రాని చైనా సంతతి బాలబాలికలు సుమారు 1,800 మంది ప్రత్యేక సహాయమేమియు లేక తరగతులలో కూర్చుండిరి. వారి పక్షమున వచ్చిన 'లా వర్సెస్ నికోల్స్' దావాలో 1974లో అమెరికా సుప్రీం కోర్టు, భాష తెలియని పిల్లలకు ఇతరులతోపాటు అవే పుస్తకములు, అదే గురువునిచ్చినంత మాత్రమున సమానత్వము కాదని తీర్పు చెప్పెను.

నేటి చట్టము సాధ్యమైనంతవరకు తల్లిదండ్రులకు అర్థమగు భాషలోనే సమాచారమీయవలెనని విధించుచున్నది. బిడ్డను ఆంగ్లము నేర్పు ప్రత్యేక తరగతిలో చేర్చినచో, విద్యాసంవత్సరము మొదలైన 30 దినములలో తెలుపవలెను; వలదను హక్కును తల్లిదండ్రులకు కలదు. అచ్చట స్థిరపడిన తెలుగు, ఉర్దూ కుటుంబములకును ఈ నియమములు వర్తించును.

మన దేశమున

మన విద్యాహక్కు చట్టము (2009) 21వ సెక్షను ఈ విషయమున ఒక అడుగు ముందున్నదనవచ్చును. బడి యాజమాన్య సంఘములో కనీసము నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు, మొత్తములో సగము మంది స్త్రీలు ఉండవలెను. బడి పనితీరును, నిధుల వినియోగమును పరిశీలించుట వారి విధి. ప్రభుత్వ ఉర్దూ మాధ్యమ పాఠశాలలకును ఇది చెందును.

కాని అల్పసంఖ్యాక వర్గముల యాజమాన్యమందలి పాఠశాలల సంగతి వేరు. 2012 సవరణ, ఎయిడెడ్ అల్పసంఖ్యాక పాఠశాలలలో ఈ సంఘమును సలహాకే పరిమితము చేసెను. 2014లో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనము, ఎయిడెడ్ అయినను కాకున్నను అల్పసంఖ్యాక పాఠశాలలకు ఈ చట్టమే వర్తింపదని తీర్పు చెప్పెను. రాజ్యాంగము 30వ అధికరణము మన సంస్థలకిచ్చిన స్వాతంత్ర్యము అమూల్యమైనది. అయితే ఆ స్వాతంత్ర్యము సమాజమునకు దక్కినదే గాని, తల్లిదండ్రుల ప్రశ్న నుండి తప్పించుకొనుటకు యాజమాన్యములకిచ్చిన కవచము కాదు. చట్టము నిర్బంధింపనిచోట మన విజ్ఞతయే నిర్బంధింపవలెను.

1981 నాటి అమెరికా అనుభవము తెలుపునది ఇదియే: అలవాటుగా నాటుకొనని హక్కును ఒక్క కలము పోటు తుడిచివేయగలదు. ఆ అలవాటును నాటుటలో విద్యార్థులకును పాత్ర కలదు. మనలో అనేకుల ఇండ్లలో కళాశాల మెట్లెక్కినది మన తరమే. తమ్ముని బడి నుండి వచ్చిన నోటీసును అమ్మకు ఉర్దూలోనో తెలుగులోనో చదివి వినిపించుట, సంఘ సమావేశమునకు ఆమెను తోడ్కొని పోవుట, సంతకమునకు ముందు అందేమున్నదో చెప్పుట మనకు భారము కాదు. అర్థము తెలిసి చేసిన సంతకమే హక్కు. తెలియక వేసిన వేలిముద్ర కేవలము సిరా మరక.